డ్రా షీటులో జట్టుకు చోటివ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని జిల్లా షటిల్ బ్యాడ్మింటన్ సంఘాల కార్యదర్శులకు,



సీజన్ క్యాలెండర్ తయారుచేసేది మీరు. టోర్నీ ముందురోజు రాత్రి కూర్చుని డ్రా తీసేదీ మీరే. తెల్లవారుజామునే లేచి కిట్ బ్యాగు తగిలించుకుని అకాడమీకి పరుగెత్తే పిల్లలు ఎవరి మీద ఆడాలో, ఎన్ని మ్యాచ్‌లు ఆడాలో, ఎప్పుడు ఇంటికి పోవాలో తేల్చేది ఆ డ్రా షీటే. అందులో ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ విడివిడిగా ఒక గీత. ఈ లేఖ కోరేది చిన్న మార్పు. ఏడాదికి ఒక్క టోర్నీలోనైనా ఆ గీతల మీద ఆటగాళ్ల పేర్లు కాక జట్ల పేర్లు రాయండి.

షటిల్ ఒంటరి ఆట కదా, దీంట్లో జట్టెక్కడిదని చాలామంది అడుగుతారు. అడగడంలో తప్పులేదు. కోర్టులో అటొకరు, ఇటొకరు, మహా అయితే ఇద్దరిద్దరు. క్రికెట్‌లోలా బంతి చేతులు మారదు, కబడ్డీలోలా చేతులు పట్టుకుని గొలుసు కట్టరు. అయినా మన దేశం ఈ ఆటలో సాధించిన అతిపెద్ద విజయాల్లో ఒకటి జట్టుగా వచ్చిందే.

2022 మే 15, బ్యాంకాక్. పురుషుల జట్ల ప్రపంచ పోటీ అయిన థామస్ కప్ ఫైనల్లో భారత్ 3-0తో ఇండోనేసియాను ఓడించింది. మూడు సింగిల్స్, రెండు డబుల్స్‌లో ముందుగా మూడు గెలిచిన జట్టుదే ఇందులో పోటీ. ఇండోనేసియా అప్పటికి 14 సార్లు ఆ కప్పు ఎత్తిన దేశం. 1949లో మొదలైన ఈ కప్పును 2022కు ముందు గెలిచినవి అయిదు దేశాలే. ఆరో దేశం మనది. అంతకుముందు భారత్ సెమీఫైనల్ చేరింది 1979లో.

ఆ స్కోరు చూసి ఏకపక్షంగా గెలిచేశామనుకుంటే పొరపాటు. ఫైనల్ దాకా వచ్చిన దారి చూడాలి. క్వార్టర్స్‌లో మలేసియా మీద 3-2, సెమీస్‌లో డెన్మార్క్ మీద 3-2. మొదటి సింగిల్స్ ఆడిన లక్ష్య సేన్ ఆ రెండు పోటీల్లోనూ ఓడిపోయాడు: ఒకసారి లీ జీ జియా చేతిలో, మరోసారి విక్టర్ ఆక్సెల్సన్ చేతిలో. రెండో డబుల్స్ ఆడిన గారగ కృష్ణప్రసాద్, పంజాల విష్ణువర్ధన్ గౌడ్ కూడా రెండుసార్లూ ఓడారు. వాళ్లిద్దరూ మన తెలుగు కుర్రాళ్లే. అదే వ్యక్తిగత టోర్నీ అయితే ఈ ముగ్గురూ క్వార్టర్స్ రోజునే సామాన్లు సర్దుకోవాలి. జట్టు పోటీ కాబట్టి మళ్లీ కోర్టు పక్కన కూర్చున్నారు, మిగతావాళ్ల కోసం అరిచారు, తర్వాతి మ్యాచ్‌కు మళ్లీ దిగారు. ఫైనల్లో ఆంథోనీ గింటింగ్ మీద మొదటి గేమ్ 8-21తో పోగొట్టుకున్న లక్ష్య, మిగతా రెండూ 21-17, 21-16తో గెలిచి జట్టుకు తొలి ఆధిక్యం ఇచ్చాడు. బ్యాంకాక్ చేరగానే ఫుడ్ పాయిజనింగ్‌తో మంచం పట్టిన కుర్రాడతను. పైగా నాకౌట్‌లో వరసగా రెండు ఓటములు. అయినా అదే స్థానంలో మళ్లీ అతన్నే నిలబెట్టారంటే, ఒక్కడి ఓటమిని మిగతావాళ్లు తమ లెక్కలో వేసుకున్నట్టే కదా.

ఈ జట్టులో ఒకరికొకరు ఏమవుతారో కూడా చూడండి. ఆ ఫైనల్‌కు అయిదు నెలల ముందు, 2021 డిసెంబరులో, స్పెయిన్‌లోని హ్యూయెల్వాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్ ఆడింది మన గుంటూరు కిదాంబి శ్రీకాంత్, అల్మోరా కుర్రాడు లక్ష్య సేన్. ఒకరి మీద ఒకరు. మూడు గేముల పోరులో శ్రీకాంత్ గెలిచాడు. ఒకరు హైదరాబాద్ గోపీచంద్ అకాడమీలో పెరిగినవారు, ఇంకొకరు బెంగళూరులో ప్రకాశ్ పదుకొణె అకాడమీలో తయారైనవారు. తిరువనంతపురం ప్రణయ్, ముంబయి చిరాగ్ శెట్టి, అమలాపురం సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి... ఇంట్లో మాట్లాడే భాషలు వేరు, ఊళ్లు వేరు, స్పాన్సర్లు వేరు. ఏడాది పొడుగునా ర్యాంకింగ్ పాయింట్ల కోసం ఒకరితో ఒకరు పోటీ పడేవాళ్లు. బయలుదేరేముందు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, కప్పు ఇంటికొస్తోందనే అర్థం వచ్చే పేరు దానికి పెట్టుకున్నారు. అప్పటికి అది ధీమా మాత్రమే. ఏడు నెలల ముందు డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో జరిగిన థామస్ కప్‌లో ఇదే డెన్మార్క్ చేతిలో క్వార్టర్స్‌లో ఓడి ఇంటికొచ్చిన దేశం మనది.

సెమీఫైనల్ చివరి మ్యాచ్ దగ్గర కాసేపు ఆగాలి. స్కోరు 2-2. హెచ్.ఎస్. ప్రణయ్ ఎదుట రాస్మస్ గెమ్కె. ఆట మొదలైన కాసేపటికే ప్రణయ్ కాలు జారి చీలమండ దగ్గర మెలిక పడింది. వైద్య సాయానికి ఆట ఆపారు. లేచి నిలబడ్డాడు గానీ కదలికలో తేడా స్పష్టంగా కనిపిస్తోంది. మొదటి గేమ్ 13-21తో పోయింది. ఆ దశలో తప్పుకున్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. 2017 యూఎస్ ఓపెన్ తర్వాత వ్యక్తిగతంగా ఒక్క టైటిల్ కూడా లేక అయిదేళ్లుగా అవస్థపడుతున్న ఆటగాడతను. కాలు పాడైతే ముందున్న టోర్నీలన్నీ పోతాయి. అతను ఆడాడు. 21-9, 21-12. ఆఖరి పాయింటు పడగానే మొత్తం జట్టు కోర్టు మీదికి ఉరికింది. ఫైనల్లో అతను రాకెట్ పట్టాల్సిన అవసరమే రాలేదు. లక్ష్య తర్వాత సాత్విక్, చిరాగ్ 18-21, 23-21, 21-19తో అహసాన్, సుకముల్జో జోడీని ఓడించారు. రెండో గేమ్‌లో నాలుగు మ్యాచ్ పాయింట్లు కాచుకుని మరీ గెలిచిన మ్యాచ్ అది. ఆపైన శ్రీకాంత్ 21-15, 23-21తో జొనాథన్ క్రిస్టీ మీద గెలవడంతో కప్పు మనదైంది.

ఇదంతా గొప్పవాళ్ల కథ కదా, మా అండర్-13 పిల్లలకు దీంతో ఏం పని అంటారేమో. పని ఉంది. మనుషుల గుంపు ఎప్పుడు నీరుగారిపోతుంది, ఎప్పుడు బిగుసుకుంటుంది అన్నది నూరేళ్ల కిందటే కొందరు కొలిచి చూశారు. మాక్స్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించాడు. ఒక్కొక్కరు విడిగా లాగినప్పటి బలంతో పోలిస్తే, ఎనిమిదిమంది కలిసి లాగినప్పుడు తలా ఒక్కింటికి వచ్చింది దాదాపు సగమే. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. అందరూ ఒకే క్షణాన లాగలేకపోవడం కొంత కారణం. పక్కవాళ్లున్నారులే అన్న నిశ్చింత మరికొంత కారణమని తర్వాతి పరిశోధనల్లో తేలింది. తాడు మీద ఎనిమిది జతల చేతులుంటే ఎవరి బలం ఎంతో ఎవరికి తెలుస్తుంది?

1920లలో బెర్లిన్‌లో ఒటో కోలర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక పడవ పందేల క్లబ్బు సభ్యుల మీద దీనికి తలకిందులైన ఫలితం చూశాడు. అలిసిపోయేదాకా బరువు ఎత్తమన్నాడు, ముందు ఒంటరిగా, తర్వాత జంటగా. జంటలో ఒకరు ఆగిపోతే రెండోవాడు ఒక్కడే ఆ బరువు మోయలేడు. అప్పుడు జంటలో బలహీనుడు ఒంటరిగా ఎత్తినదానికన్నా ఎక్కువసేపు నిలిచాడు. ఇద్దరి మధ్య తేడా మరీ ఎక్కువైనా, అసలే లేకపోయినా ఈ గుణం అంతగా కనిపించలేదు. మధ్యస్థంగా తేడా ఉన్న జంటల్లోనే బాగా కనిపించింది.

రెండుచోట్లా మనుషులే, రెండుచోట్లా కండలే. తాడు దగ్గర ఎవడి వాటా ఎంతో కనిపించదు, ఒకడు తగ్గినా పని సాగిపోతుంది. బరువు దగ్గర ప్రతివాడి వాటా కళ్లెదుట ఉంటుంది, అది లేకపోతే మొత్తం ఆగిపోతుంది. గుంపు జట్టయ్యేది ఈ రెండో ఏర్పాటులోనే. స్టేజి మీద ఎంత ఉద్రేకంగా ప్రసంగించినా, అందరికీ ఒకే రంగు టీషర్టులు పంచినా రాని మార్పు పోటీ పద్ధతి మారిస్తే వస్తుంది. బ్యాడ్మింటన్ జట్టు పోటీకి ఆ లక్షణం పుట్టుకతోనే ఉంది. మూడు సింగిల్స్, రెండు డబుల్స్. ప్రతి పాయింటూ ఎవరిదో అందరూ చూస్తారు. మూడో సింగిల్స్ ఆటగాడి ర్యాంకు ఎంత తక్కువైనా స్కోరు 2-2 అయిందంటే భారమంతా అతని మీదే.

అన్‌మోల్ ఖర్బ్ సంగతి అందుకే చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో మలేసియాలోని షా ఆలమ్‌లో ఆసియా జట్టు ఛాంపియన్‌షిప్ జరిగింది. హరియాణాకు చెందిన ఆ అమ్మాయి వయసు అప్పటికి 17. ప్రపంచ ర్యాంకు 472. చైనా మీద 2-2 అయినప్పుడు ఆమె గెలిచింది. సెమీస్‌లో జపాన్ మీద 2-2 అయినప్పుడూ ఆమే గెలిచింది. ఫైనల్లో థాయిలాండ్ మీద మళ్లీ 2-2. పోర్న్‌పిచాను 21-14, 21-9తో ఓడించి భారత మహిళలకు ఆ పోటీలో తొలి స్వర్ణం తెచ్చిపెట్టింది.

ఆ జపాన్ సెమీఫైనల్లో పత్రికల్లో పెద్దగా కనిపించని ఘట్టం మరొకటుంది. జట్టులో అందరికన్నా పెద్ద పేరు పి.వి. సింధుది. రెండు ఒలింపిక్ పతకాల మనిషి, గాయం నుంచి కోలుకుని అప్పుడే తిరిగొచ్చింది. ఆ రోజు సింగిల్స్‌లో అయా ఒహోరీ చేతిలో ఓడిపోయింది. తనీషా క్రాస్టో గాయపడటంతో అశ్వినీ పొన్నప్పకు డబుల్స్‌లో జోడీ లేకుండా పోయింది. సింధు అశ్వినితో కలిసి డబుల్స్‌కు దిగింది. అదీ ఓడారు. అంటే ఆ రోజు సింధు ఖాతాలో రెండు ఓటములు. ఆ తర్వాత కోర్టు పక్కన నిలబడి తనకన్నా పదకొండేళ్లు చిన్నదైన, ర్యాంకుల్లో ఎక్కడో ఉన్న అమ్మాయి ఆడుతుంటే చూసింది. అగ్రతార తనది కాని పనికి దిగి ఓడిపోవడానికి సిద్ధపడింది, పెద్ద ర్యాంకు లేని పిల్ల అసలు పని పూర్తి చేసింది. గోపీచంద్ కూతురు గాయత్రి, త్రీసా జాలీ జోడీ ఇటు జపాన్ మీదా, అటు ఫైనల్లో థాయిలాండ్ మీదా గెలవకపోతే ఆఖరి మ్యాచ్ దాకా పోటీ వచ్చేదే కాదు. ఎవరిని తీసేసినా ఆ స్వర్ణం లేదు.

ఇక మన జిల్లా టోర్నీల సంగతి. ఏ ఊళ్లోనైనా ఇండోర్ స్టేడియంలో ఆదివారం ఉదయం చూస్తే ఇలాగే ఉంటుంది. తొమ్మిదిన్నరకు మొదటి రౌండ్. పదికల్లా ఓడిన పిల్లాడు నీళ్ల సీసా మూత బిగిస్తూ తలొంచుకుని వస్తాడు. తండ్రి మెట్ల మీదనుంచే తప్పులు ఏకరువు పెడుతుంటాడు. బ్యాక్‌హ్యాండ్ ఎన్నిసార్లు చెప్పాను, సర్వీసు ఎందుకు పైకి లేపావు అని. పదింపావుకు బండి స్టార్టవుతుంది. పక్క కోర్టులో అదే అకాడమీ పిల్లాడు, రోజూ కలిసి ప్రాక్టీసు చేసేవాడే, మూడో గేమ్ ఆడుతుంటాడు. అతని కోసం ఒక్కడూ చప్పట్లు కొట్టడు. డ్రాలో తర్వాత తమ పిల్లాడికి ఎదురుపడేది అతనే కాబట్టి కొన్ని ఇళ్లలో అతను ఓడితే బాగుండుననే కోరిక కూడా ఉంటుంది. వంద మంది పిల్లలు వస్తే అందులో దాదాపు సగం మంది ఒకే మ్యాచ్ ఆడి వెళ్లిపోతారు. నాకౌట్ లెక్కే అది.

ఆ పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ తప్పుపట్టడం ఈ లేఖ ఉద్దేశం కాదు. వాళ్లముందు పెట్టిన కాగితం అలా ఉంది. అన్ని గీతలూ ఒక్కొక్కరివే అయినప్పుడు పక్కవాడి గెలుపుతో తనకు పనేముంది?

డబుల్స్ విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. సింగిల్స్‌లో ముందుకుపోలేనివాళ్ల ఆట డబుల్స్ అన్న చులకన మన దగ్గర చాలాకాలం నడిచింది. సాత్విక్, చిరాగ్‌లు జోడీ అయిన తీరు ఆ అభిప్రాయానికి జవాబు. 2016 ప్రాంతంలో మలేసియా కోచ్ టాన్ కిమ్ హర్ వాళ్లను కలిపినప్పుడు ఇద్దరూ కోర్టు వెనక నుంచి స్మాష్‌లు దంచేవాళ్లే. ఇద్దరూ వెనకే ఉంటానంటే నెట్ దగ్గర ఎవరు నిలబడాలి? ఎవరికి వారు తమకు బాగా వచ్చినదాన్ని కొంత వదులుకుని, రానిదాన్ని నేర్చుకున్నారు. 2023లో ఆసియా ఛాంపియన్లయ్యారు, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత బ్యాడ్మింటన్‌కు తొలి స్వర్ణం తెచ్చారు, అదే ఏడాది అక్టోబరులో ప్రపంచ నంబర్ వన్ జోడీ అయ్యారు. అంటే వాళ్ల ఆట కుదరడానికి ఏళ్లు పట్టింది. జిల్లా స్థాయిలో డబుల్స్ జోడీలు టోర్నీకి వారం ముందు ఫోన్లలో కుదురుతాయి, ఓడిన సాయంత్రమే విడిపోతాయి.

పైగా రాకెట్‌తో జట్టుగా ఆడటం మన నేలకు కొత్త విద్య కాదు. పసుపు ఉన్ని బంతితో అయిదుగురొక వైపు, అయిదుగురొక వైపు ఆడే బాల్ బ్యాడ్మింటన్ మన ఊళ్లలో సాయంత్రం పూట ఎంతగా సాగిందో పెద్దవాళ్లకు తెలుసు. ముందు, మధ్య, వెనక అంటూ ఎవరి చోటు వారిది. ఒకరు తప్పిన బంతిని వెనకవాడు లేపేవాడు. రాకెట్ పట్టిన చేతులు జట్టుగా ఆడటం తెలుగు పల్లెలు ఎన్నో ఏళ్లు చూశాయి.

ఏం చేయొచ్చో చెప్పకుండా ఫిర్యాదుతో ఆపితే ఈ లేఖకు అర్థం ఉండదు. థామస్ కప్ పద్ధతి జిల్లాల్లో కష్టమే. అయిదు పూర్తి మ్యాచ్‌లంటే, అన్నీ వరస గేముల్లో, ఎదుటివారికి ఒక్క పాయింటూ రాకుండా ముగిసినా 210 ర్యాలీలు. కోర్టులు చాలవు, అంపైర్లు చాలరు. అయితే ప్రపంచ సమాఖ్యే జూనియర్ల కోసం తేలిక దారి ఒకటి తెచ్చింది. 2025 అక్టోబరులో గువాహటిలో జరిగిన ప్రపంచ జూనియర్ మిక్స్‌డ్ జట్టు పోటీ రిలే పద్ధతిలో సాగింది. అమ్మాయిల సింగిల్స్, అబ్బాయిల సింగిల్స్, రెండు డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ కలిపి అయిదు మ్యాచ్‌లు. మొదటి మ్యాచ్ ఒక జట్టు 9 పాయింట్లకు చేరగానే ఆగుతుంది. స్కోరు 9-5 అనుకోండి. తర్వాత దిగేవాళ్లు సున్నా నుంచి కాకుండా ఆ 9-5 నుంచే ఆట అందుకుంటారు, ఎవరో ఒకరు 18కి చేరేదాకా. అలా 27, 36, చివరికి 45. ముందుగా 45 చేరినవారిది సెట్టు. మూడు సెట్లలో రెండు గెలిచినవారిది పోటీ.

ఈ పద్ధతిలో ఉన్న బలం చూడండి. ముందు ఆడిన పిల్ల నాలుగు పాయింట్లు వెనకబడి వస్తే, తర్వాత దిగే పిల్లాడు ఆ నాలుగూ పూడ్చడానికి ఆడాలి. ఆమె చివర్లో కష్టపడి గెలుచుకున్న ఒక్క పాయింటు కూడా అతనికి పనికొస్తుంది. 0-8తో వెనకబడినా వదిలేయడానికి వీల్లేదు, ఎందుకంటే 1-9 వేరు, 5-9 వేరు. గువాహటి క్వార్టర్స్‌లో మన జట్టు కొరియాకు మొదటి సెట్టు 44-45తో, ఒక్క పాయింటుతో పోగొట్టుకుంది. తర్వాతి రెండూ 45-30, 45-33తో గెలిచింది. సెమీస్‌లో ఇండోనేసియా చేతిలో ఓడినా ఆ పోటీలో భారత్‌కు అదే తొలి పతకం. ఆ కాంస్య జట్టులో తెలుగు పిల్లలూ ఉన్నారు.

మీ జిల్లాలో సెట్టు ఒక్కటే పెట్టినా సరిపోతుంది. 45-44 దాకా పోయినా మొత్తం 89 ర్యాలీలు. రెండు కోర్టులుంటే ఒక్క పూటలో ఎన్నో పోటీలు జరుగుతాయి. జట్లను అకాడమీల వారీగా కాక మండలాల వారీగానో, పాఠశాలల వారీగానో కట్టండి. లేకపోతే ఎక్కువ ఫీజు తీసుకునే అకాడమీలే ఎప్పుడూ గెలుస్తాయి. జట్టుకు ముగ్గురు అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిలు ఉండేలా చూడండి. ఆటకు కనీసం నెల ముందు పేర్లు తీసుకోండి, ఆఖరి నిమిషంలో మార్చనివ్వకండి. బ్యాడ్మింటన్‌లో జోడీకైనా జట్టుకైనా కలిసి ఆడిన గంటలు కావాలి. ఒక జట్టు గెలిస్తే వచ్చేసారి మళ్లీ మొదట్నుంచే మొదలుపెట్టాలని కూడా పిల్లలకు తెలియాలి. థామస్ కప్ విజేతగా 2024లో చెంగ్డూ వెళ్లిన మన జట్టు క్వార్టర్స్‌లోనే చైనా చేతిలో 1-3తో ఓడిపోయింది.

ఓడిన జట్లను వెంటనే పంపేయకండి. లీగ్ పద్ధతి పెడితే ప్రతి పిల్లా కనీసం మూడు పోటీలు ఆడుతుంది. మూడో పోటీ నాటికి ఎవరి సర్వీసు ఎప్పుడు వణుకుతుందో, ఎవరికి ఎప్పుడు ఒక మాట చెప్పాలో తోటివాళ్లకు తెలిసిపోతుంది. కోర్టు పక్కన జట్టు కూర్చోవడానికి ఒక బెంచి వేయించండి, తల్లిదండ్రుల్ని మెట్ల మీదే ఉండమనండి. సర్టిఫికెట్ మీద ఆడినవారితో పాటు రిజర్వులో కూర్చున్నవారి పేర్లు కూడా రాయించండి. బ్యాంకాక్‌లో పతకాలు పది మందికీ ఇచ్చారు.

దసరా సెలవుల్లో రెండు రోజులు ఇందుకు దొరుకుతాయి. స్టేడియం అప్పటికే బుక్కైపోయి ఉంటే సంక్రాంతి తర్వాతి శని, ఆదివారాలు చూడండి. ఎంట్రీ ఫీజు మనిషికి కాక జట్టుకు ఇంత అని పెడితే, కట్టలేని పిల్లల వాటా జట్టులో మిగతావాళ్లు సర్దుకుంటారు. అంపైర్ల కొరత ఉంటే ఆడటం లేని జట్ల పిల్లల చేతికే స్కోరు షీట్లు ఇవ్వండి, బాగా రాస్తారు.

ఇట్లు,
బ్యాడ్మింటన్ అభిమాని ఒకరు